లోకం మనసులో ఏముంది?

ఎన్నికలొస్తే చాలు... ఎవరు గెలుస్తారన్న సర్వేల హోరు. కానీ సర్వే అంటే అదొక్కటే కాదు. పక్కవాడిని నమ్ముతున్నారా, పిల్లలకు ఏం నేర్పాలనుకుంటున్నారు, ఓటు మీద ఆశ ఉందా, రేపటి మీద ధైర్యం ఉందా అంటూ ప్రపంచంలోని వంద దేశాల్లో తలుపు తట్టి అడుగుతున్నవాళ్లున్నారు. ఆ ప్రశ్నల కథే ఇది.

మీ ముందు ఓ నిచ్చెన ఉందనుకోండి. అట్టడుగున సున్నా, చిట్టచివర పది. మీకు దొరకగల అత్యుత్తమ జీవితం పదో మెట్టు మీద ఉంది. అన్నిటికన్నా కష్టమైన జీవితం నేలమీద ఉంది. ఇప్పుడు చెప్పండి... మీరు ఏ మెట్టు మీద నిలబడ్డారు?

జవాబు చెప్పడానికి అర నిమిషం చాలు. కానీ ఆ ప్రశ్న వయసు అరవై ఏళ్ల పైనే. హాడ్లీ కాంట్రిల్ అనే అమెరికా మనస్తత్వవేత్త దీన్ని తయారుచేశాడు. చదువు రానివారికీ అర్థం కావాలి, ఏ దేశంలో అడిగినా చెల్లాలి, 'మంచి జీవితం' అంటే ఏమిటో అడిగేవాడు కాకుండా చెప్పేవాడే నిర్ణయించుకోవాలి... అందుకే నిచ్చెన! 2005 నుంచి గాలప్ సంస్థ 'వరల్డ్ పోల్' పేరిట 140కి పైగా దేశాల్లో ఇదే ప్రశ్న అడుగుతోంది. ఏటా మార్చిలో 'సంతోషంలో ఫిన్లాండ్ ఫస్ట్' అని పత్రికల్లో వచ్చే వార్తకు ఆధారం ఈ నిచ్చెనే. 2018 నుంచి 2025 దాకా వరసగా ఎనిమిదిసార్లు ఆ దేశానిదే మొదటి స్థానం. 2025 జాబితాలో 147 దేశాలుంటే మనది 118వ స్థానం.

ఇదంతా కాలక్షేపం లెక్క అనుకుంటే పొరపాటే. ట్యునీసియా సంగతి చూడండి. 2010 నాటికి ఆ దేశం ఆర్థికంగా బాగా ఎదుగుతోందని నిపుణులు మెచ్చుకునేవారు. తలసరి ఆదాయం పెరుగుతోంది. కానీ నిచ్చెన మరో కథ చెప్పింది. ఇప్పుడూ బాగున్నాం, రేపూ బాగుంటాం అనే ధీమాతో పైమెట్లు చూపించినవారు 2008లో 24 శాతం ఉంటే, 2010 నాటికి 14 శాతానికి పడిపోయారు. ఈజిప్టులోనూ అదే వరస. 2010 డిసెంబరులో ట్యునీసియాలో ఓ తోపుడుబండి వ్యాపారి అధికారుల వేధింపులు భరించలేక ఒంటికి నిప్పంటించుకున్నాడు. నెల తిరిగేసరికి 23 ఏళ్లుగా పాలిస్తున్న అధ్యక్షుడు దేశం విడిచి పారిపోయాడు. తర్వాత ఈజిప్టు అధ్యక్షుడూ గద్దె దిగాడు. ఆదాయ లెక్కలకు కనిపించని నిప్పు జనం మాటల్లో ముందే రాజుకుంది.

కోటి చీటీలు... ఒక్క పరాజయం

తూర్పారబట్టే ముందు రైతు గుప్పెడు గడ్డి పైకి విసిరి గాలి ఎటు వీస్తోందో చూస్తాడు. జనాభిప్రాయాన్ని అంచనా వేసే ప్రయత్నాలకు ఇంగ్లిషులో మొదట పడిన పేరు కూడా ఆ గడ్డిపోచ మీదుగా వచ్చిందే. 1824లో అమెరికాలోని పెన్సిల్వేనియాకు చెందిన ఓ పత్రిక అధ్యక్ష ఎన్నికల మీద ఇలాంటి లెక్క ఒకటి వేసింది. ఆండ్రూ జాక్సన్‌కు 335, జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు 169 ఓట్లు వచ్చాయని అచ్చేసింది. ఈ తరహా లెక్కల్లో చరిత్రకారులు మొదటివాటిలో ఒకటిగా చెప్పేది దీన్నే.

ఆ తర్వాత వందేళ్లకు పైగా అందరి నమ్మకం ఒకటే. ఎంత ఎక్కువమందిని అడిగితే అంత నిజం తెలుస్తుందని! 'లిటరరీ డైజెస్ట్' అనే పత్రిక అయితే అంతకుముందు అయిదు ఎన్నికల్లో విజేతను సరిగ్గా చెప్పి పేరు తెచ్చుకుంది. 1936లో ఏకంగా కోటి మందికి చీటీలు పంపింది. 23 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. అన్నీ లెక్కపెట్టి 'లాండన్ గెలుపు ఖాయం' అని ప్రకటించింది.

గెలిచింది రూజ్‌వెల్ట్. అదీ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకుని!

ఎక్కడ తప్పింది? పత్రిక ఆ చిరునామాలను టెలిఫోన్ డైరెక్టరీల నుంచీ కార్ల రిజిస్ట్రేషన్ల నుంచీ తీసుకుంది. ఆర్థికమాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవారు ఎవరు? కాస్త కలిగినవారు. పైగా చీటీ నింపి తిరిగి పంపే ఓపిక, ప్రభుత్వం మీద కోపంగా ఉన్నవారికే ఎక్కువ. జార్జ్ గాలప్ అనే యువకుడు మాత్రం అంతకన్నా చాలా తక్కువమందిని, సుమారు 50 వేలమందిని, అడిగి రూజ్‌వెల్టే గెలుస్తాడని చెప్పాడు. డైజెస్ట్ లెక్క తప్పుతుందని కూడా ముందే చెప్పాడు. రెండేళ్లలో ఆ పత్రిక మూతపడింది. గాలప్ పేరు సర్వేకు మారుపేరైంది.

అలాగని గాలప్ గర్వపడటానికి వీల్లేకపోయింది. 1948లో ఆయనా బోల్తాపడ్డాడు. ట్రూమన్ ఓడిపోతాడన్న ధీమాతో పోలింగ్‌కు రెండు వారాల ముందే అడగడం ఆపేశాడు. చివరి రోజుల్లో గాలి మారింది. 'ట్రూమన్‌పై డ్యూయీ గెలుపు' అని తొందరపడి అచ్చేసిన 'షికాగో ట్రిబ్యూన్' ప్రతిని గెలిచిన ట్రూమన్ నవ్వుతూ చేత్తో పట్టుకున్న ఫొటో ఇప్పటికీ పాత్రికేయులకు పాఠమే.

ఒక్క మెతుకు చాలు

140 కోట్లమంది ఉన్న దేశంలో వెయ్యిమందిని అడిగితే ఏం తెలుస్తుంది? చాలామందికి వచ్చే సందేహమే ఇది. దానికి జవాబు ప్రతి వంటింట్లోనూ ఉంది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నెంతా తినక్కర్లేదు. ఒక మెతుకు పట్టుకుంటే చాలు. ఇద్దరికి వండినా, పెళ్లికి గుండిగలో వండినా చూడాల్సింది ఆ మెతుకులే. కాకపోతే ఒక్క షరతు... అడుగుదాకా గరిట పెట్టి కలపాలి. పైన మాత్రమే తీసి చూస్తే పలుకు తెలియదు.

గణితం చెప్పేదీ ఇదే. యాదృచ్ఛికంగా, అంటే లాటరీ తీసినట్టుగా, ఎంచుకున్న వెయ్యిమందిని అడిగితే వచ్చే ఫలితం నూటికి 95 సార్లు అసలు సంఖ్యకు అటూఇటూగా మూడు శాతం లోపే ఉంటుంది. దేశ జనాభా కోటి అయినా వంద కోట్లయినా ఆ తేడా దాదాపు అంతే.

చెప్పినంత తేలిక కాదు, చేయడం. సర్వే చేసేవారు ముందు ఊళ్లను లాటరీ తీస్తారు. ఆ ఊళ్లో ఇళ్లను తీస్తారు. ఇంటికి వెళ్లాక ఎవరు తలుపు తీస్తే వాళ్లను అడిగేస్తే కుదరదు. ఎందుకంటే మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఉండేది ఎక్కువగా గృహిణులూ వృద్ధులే. పొలానికో పనికో వెళ్లినవారి మాట ఎవరు చెప్పాలి? అందుకే ఇంట్లో పెద్దవాళ్లందరి పేర్లూ రాసుకుని అందులో ఒకరిని ఓ పట్టిక ప్రకారం ఎంచుకుంటారు. లెస్లీ కిష్ అనే గణాంక నిపుణుడు 1949లో వివరించిన పద్ధతి ఇది. ఆ ఎంపికైన మనిషి పొలంలో ఉంటే సాయంత్రం దాకా ఆగాలి. దొరక్కపోతే మర్నాడు మళ్లీ రావాలి. మంచి సర్వేకు ఖర్చు పెరిగేది ఇక్కడే. చెత్త సర్వేకు ఖర్చు తగ్గేదీ ఇక్కడే!

నమ్మొచ్చా... నమ్మకూడదా?

1970ల్లో యూరప్ దేశాలు తమ ప్రజల అభిప్రాయాలను క్రమం తప్పకుండా తెలుసుకోవడానికి 'యూరోబారోమీటర్' మొదలుపెట్టాయి. 1995లో లాటిన్ అమెరికాకు, 1999లో ఆఫ్రికాకు, తర్వాత ఆసియాకూ అరబ్ దేశాలకూ ఇలాంటివే వచ్చాయి. వీటన్నిటిలోకీ విస్తారమైనది 1981లో మొదలైన 'వరల్డ్ వాల్యూస్ సర్వే'. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోనాల్డ్ ఇంగిల్‌హార్ట్ దీనికి ఆద్యుడు. ఆయన 2021లో మరణించారు. ఏడు విడతల్లో వందకు పైగా దేశాల్లో సాగిన సర్వే ఇది.

అందులో ప్రశ్నలు ఇంట్లో కూర్చుని మాట్లాడుకునేలాగే ఉంటాయి. 'పిల్లలకు ఇంట్లో నేర్పాల్సిన గుణాలేమిటి? స్వతంత్రంగా ఆలోచించడమా, కష్టపడటమా, చెప్పిన మాట వినడమా?' వీటిలో అయిదింటికి మించి ఎంచుకోకూడదు. ఒకే ఇంట్లో తాతా మనవడూ వేర్వేరు జాబితాలు ఇవ్వొచ్చు. ఇంగిల్‌హార్ట్ గమనించింది అదే. ఆకలీ యుద్ధమూ చూస్తూ పెరిగిన తరం భద్రతకు పెద్దపీట వేస్తుంది. కడుపు నిండా తిని పెరిగిన తరం స్వేచ్ఛకూ తన ఇష్టానికీ విలువిస్తుంది. తరం మారేకొద్దీ సమాజం విలువలు చప్పుడు లేకుండా మారిపోతాయి. 1977లో ఆయన రాసిన పుస్తకం పేరు కూడా 'నిశ్శబ్ద విప్లవం' అన్న అర్థమిచ్చేదే.

మరో ప్రశ్న ఇంకా చిన్నది. 'మామూలుగా చాలామందిని నమ్మొచ్చంటారా? జాగ్రత్తగా ఉండటమే మేలంటారా?' నార్వే, స్వీడన్, డెన్మార్క్‌లలో నూటికి 60 మందికి పైగా 'నమ్మొచ్చు' అంటారు. బ్రెజిల్, కొలంబియాలలో ఆ మాట అనేది పదిమంది కూడా ఉండరు.

ఇవి ఉత్తుత్తి మాటలేనేమో? పరీక్షించి చూద్దామనుకున్నారు కొందరు పరిశోధకులు. మనదేశంతో సహా 40 దేశాల్లో, 355 నగరాల్లో, బ్యాంకులూ హోటళ్లూ పోలీసుస్టేషన్ల వంటి చోట్ల కౌంటర్ల దగ్గర 'ఇది దారిలో దొరికింది' అంటూ 17 వేలకు పైగా పర్సులు అప్పగించారు. కొన్నిటిలో డబ్బుంది, కొన్నిటిలో లేదు. సొంతదారు చిరునామా మాత్రం అన్నిటిలో ఉంది. 2019లో ఫలితం వచ్చింది. డబ్బున్న పర్సులే ఎక్కువగా తిరిగొచ్చాయి! 40 దేశాల్లో 38 చోట్ల ఇదే తీరు. ముందుగా అంచనా అడిగితే మామూలు జనమూ ఆర్థికవేత్తలూ కూడా తలకిందులుగా చెప్పారు. మనిషి తోటి మనిషిని తక్కువగానే అంచనా వేస్తాడన్నమాట.

మాట మారితే లెక్క మారుతుంది

ఇంగ్లిషులో రాసిన ప్రశ్నను తెలుగులోకి మార్చాలంటే ఎంత కష్టం? 'ఫ్యామిలీ' అన్న మాటే తీసుకోండి. మన దగ్గర 'మా ఫ్యామిలీ ఊరెళ్లింది' అంటే చాలామంది ఉద్దేశం... భార్య! సర్వే చేసేవారికి కావాల్సింది ఒకే పొయ్యి మీద వండుకు తినేవారందరూ. అందుకే ఒకరు అనువదిస్తే, మూలం చూడని మరొకరు దాన్ని మళ్లీ ఇంగ్లిషులోకి మారుస్తారు. రెండూ సరిపోతేనే ప్రశ్న బయటికెళ్తుంది. ప్యూ పరిశోధన సంస్థ 2019 నవంబరు నుంచి 2020 మార్చి దాకా మన దేశంలో మతం గురించి 29,999 మందిని ముఖాముఖి అడిగినప్పుడు ప్రశ్నావళి 17 భాషల్లో సిద్ధం చేయాల్సి వచ్చింది. 'అన్ని మతాలనూ గౌరవించడం నిజమైన భారతీయుడి లక్షణం' అనడం చాలా ముఖ్యమని 84 శాతం మంది చెప్పారు. అదే సర్వేలో, తమ మతం స్త్రీలు వేరే మతంవారిని పెళ్లాడకుండా ఆపడం చాలా ముఖ్యమని హిందువుల్లో మూడింట రెండొంతుల మంది, ముస్లింలలో అంతకన్నా ఎక్కువమంది చెప్పారు. గౌరవం ఉంది, గీత కూడా ఉంది. ఒక్క ప్రశ్నే అడిగి ఊరుకుంటే సగం బొమ్మే కనిపించేది.

ఇంకో చిక్కు... ఒకే జవాబుకు దేశదేశానికీ అర్థం వేరు. 'ప్రభుత్వ నిర్ణయాల్లో మీ మాట ఎంతవరకు చెల్లుతుంది?' అని చైనాలోనూ మెక్సికోలోనూ అడిగారు. మెక్సికో ప్రజలు 2000లో 71 ఏళ్లుగా పాలిస్తున్న పార్టీని ఓటుతో దించేశారు. చైనాలో అలాంటి అవకాశమే లేదు. అయినా తమ మాట చెల్లుతుందన్నవారు చైనాలోనే ఎక్కువ! పరిశోధకులు ఓ ఉపాయం పన్నారు. 'ఒకాయన ఉండే చోట మంచినీళ్లు లేవు. ఓటు హక్కు లేదు. ఎవరికీ పట్టదు. మౌనంగా భరిస్తున్నాడు. ఆయన మాట ఎంత చెల్లుతుంది?' అని కూడా అడిగారు. చైనాలో ఎంతోమంది ఆయనకు తమకన్నా ఎక్కువ మార్కులేశారు! ఎవరి కొలబద్ద ఏమిటో తెలిశాక లెక్క తిరగబడింది. 2004లో అచ్చయిన ఈ పరిశోధన సర్వేల తీరునే మార్చింది.

చేతిలో పెన్ను చూసి...

1990లో నికరాగువాలో ఎన్నికలు. అధికారంలో ఉన్న ఒర్టెగాదే గెలుపని చాలా సర్వేలు చెప్పాయి. గెలిచింది ప్రతిపక్షానికి చెందిన వయొలెటా చమారో. ఎన్నికలకు ముందే ఇద్దరు పరిశోధకులు అక్కడో చిత్రమైన ప్రయోగం చేశారు. అవే ప్రశ్నలు. రాసుకునే పెన్నులు మాత్రం వేరు. కొన్నింటి మీద అధికార పక్షం పేరు, కొన్నింటి మీద ప్రతిపక్షం పేరు, కొన్ని మామూలువి. ప్రతిపక్షం పెన్ను చూసినవారిలో చమారోకు ఆధిక్యం వచ్చింది. మిగతా రెండు రకాల పెన్నుల ముందూ ఒర్టెగాకే! అంటే మామూలు పెన్ను పట్టుకున్నవాడిని కూడా జనం ప్రభుత్వం మనిషిగానే అనుమానించారు.

భయం ఉన్నచోట నిజం రాబట్టడానికి మరో దారి ఉంది. 2015లో రష్యాలో పుతిన్‌ను సమర్థిస్తారా అని సూటిగా అడిగితే 80 శాతానికి పైగా అవునన్నారు. తర్వాత కొందరికి ముగ్గురు నాయకుల పేర్లు, ఇంకొందరికి వాటితోపాటు పుతిన్ పేరూ ఇచ్చి 'వీరిలో ఎంతమందిని సమర్థిస్తారు?' అని మాత్రమే అడిగారు. ఎవరినో చెప్పక్కర్లేదు, సంఖ్య చాలు. రెండు గుంపుల సగటు తేడాలోంచి తీసిన లెక్కలో మద్దతు సుమారు పది పాయింట్లు తగ్గింది. అయినా ఎక్కువమంది ఆయన వైపే ఉన్నారన్నదీ తేలింది.

అడిగినవారే ఇబ్బందుల్లో పడ్డ సందర్భాలూ ఉన్నాయి. 2002లో ఇరాన్‌లో జరిపిన ఓ సర్వేలో నూటికి 70 మందికి పైగా అమెరికాతో చర్చలు కావాలన్నారు. ఆ సర్వే చేసినవారిని జైల్లో పెట్టారు. వారిలో ఒకరైన అబ్బాస్ అబ్ది 1979లో అమెరికా దౌత్య కార్యాలయాన్ని ముట్టడించిన విద్యార్థి నాయకుల్లో ఒకరు! రష్యాలో స్వతంత్రంగా సర్వేలు చేసే లెవాడా సెంటర్‌కు 2016లో 'విదేశీ ఏజెంటు' ముద్ర వేశారు.

జనం చెప్పే మాట ఎప్పుడూ తియ్యగా ఉండదు కూడా. ఆఫ్రికాలోని 39 దేశాల్లో 2021-23 మధ్య ఆఫ్రోబారోమీటర్ అడిగితే మూడింట రెండొంతుల మంది ప్రజాస్వామ్యమే కావాలన్నారు. కానీ ఎన్నికైన నాయకులు అధికారాన్ని దుర్వినియోగం చేస్తే సైన్యం జోక్యం చేసుకున్నా తప్పులేదని సగానికి పైగా అన్నారు. నాయకులకు అదో హెచ్చరిక. వినడం వినకపోవడం వాళ్లిష్టం.

మన లెక్కలు ఎందుకు తప్పుతాయి?

మన దేశంలో 1967 నుంచీ ఎన్నికల అధ్యయనాలున్నాయి. రజనీ కొఠారీ స్థాపించిన సీఎస్‌డీఎస్ వీటిని మొదలుపెట్టింది. దాని విభాగమైన లోక్‌నీతి సిబ్బంది, ఓటు ప్రశ్న దగ్గరికొచ్చేసరికి పార్టీల గుర్తులున్న నమూనా బ్యాలెట్ చేతికిచ్చి డబ్బాలో వేయమంటారు. పక్కన అత్తగారున్నా సర్పంచ్ ఉన్నా భయం లేదు. పాశ్చాత్య దేశాల్లో బీదవారు ఓటింగ్‌కు దూరంగా ఉంటే, మన దగ్గర వారు ధనికులకు ఏమాత్రం తీసిపోకుండా ఓటేస్తారని తేల్చింది ఇలాంటి అధ్యయనాలే.

కానీ జనానికి గుర్తుండేవి తప్పిన ఎగ్జిట్ పోల్సే. 2004లో ఎన్డీఏదే పైచేయి అన్నారు. అధికారం యూపీఏకి దక్కింది. 2018లో తెలంగాణలో కూటమి గెలుస్తుందంటూ సంచలనం రేపిన సర్వే ఒకటి వచ్చింది. టీఆర్ఎస్ 119లో 88 స్థానాలు గెలిచింది. 2024లో ఎన్డీఏకు 350కి పైగా అని చాలా సంస్థలు చెప్పాయి. వచ్చినవి 293.

దీనికో కారణం, ఓట్ల నుంచి సీట్లు లెక్కకట్టడం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెలుగుదేశానికి సుమారు 39 శాతం ఓట్లొచ్చాయి. సీట్లు 23. 2024లో వైఎస్సార్‌సీపీకి వచ్చినవీ సుమారు 39 శాతమే. సీట్లు 11. ఓట్ల శాతం సరిగ్గా చెప్పినవారు కూడా సీట్ల దగ్గర బోల్తాపడొచ్చు. అలాగే చివరి విడత పోలింగ్ ముగిసి అరగంట గడిచేదాకా ఎగ్జిట్ పోల్ వెల్లడించకూడదని చట్టం ఉంది. ఉల్లంఘిస్తే రెండేళ్ల దాకా జైలు.

తలుపులు మూసుకుంటుంటే...

సర్వేలకు ఇప్పుడు వచ్చిన కష్టం వేరు. అమెరికాలో ప్యూ సంస్థ ఫోన్ చేస్తే 1997లో నూటికి 36 మంది జవాబిచ్చేవారు. 2018 నాటికి ఆరుగురే. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తేవారెవరు? ఇంటర్నెట్‌లో అడుగుదామంటే అక్కడ జవాబులు నింపేది మనిషో కృత్రిమ మేధో పోల్చుకోవడం కష్టమవుతోంది. మనిషిని పోలిన జవాబులు క్షణాల్లో తయారవుతున్నాయి. పార్టీల కోసం సర్వే ముసుగులో ప్రచారం చేసేవారి వల్ల అసలు సర్వేవాళ్ల మీదా నమ్మకం సన్నగిల్లుతోంది.

లిటరరీ డైజెస్ట్ పాఠం మళ్లీ మొదటికొచ్చిందన్నమాట. మాట్లాడటానికి ఇష్టపడేవారి మాటే లెక్కలోకి వస్తే, గొంతు పెద్దగా ఉన్నవారిదే దేశమనిపిస్తుంది. మౌనంగా ఉన్నవారు లెక్కలోంచి జారిపోతారు. జారిపోయేది చాలాసార్లు బీదవారూ, ఊళ్లలో ఉండేవారూ, ఇంట్లో తమ మాట చెప్పే అలవాటు లేని ఆడవాళ్లూ. పథకాలూ పన్నులూ నిర్ణయించేవారి బల్లమీదికి వాళ్ల సంగతి చేరదు.

సర్వే చూసేముందు...

* డబ్బులిచ్చి చేయించింది ఎవరో చూడండి. ఆ వివరం దాచిపెడితే పక్కన పెట్టేయండి.
* ఎంతమందిని అడిగారన్నదానికన్నా ఎలా ఎంచుకున్నారన్నది ముఖ్యం. టీవీకి ఎస్సెమ్మెస్ పంపిన లక్షమంది కన్నా లాటరీలో తీసిన వెయ్యిమంది నయం.
* అడిగిన ప్రశ్న యథాతథంగా ఇచ్చారా? ప్రశ్నలోనే జవాబుంటే అది సర్వే కాదు.
* తేడా రెండు మూడు శాతమే అయితే 'ఆధిక్యం' అన్న మాట నమ్మకండి.
* ఎప్పుడు అడిగారో చూడండి. 1948లో ట్రూమన్‌ను గెలిపించింది చివరి రెండు వారాలే.

ఓటు అయిదేళ్లకోసారి. మధ్యలో వచ్చే 1,800 రోజులూ జనం ఏమనుకుంటున్నారో ఎవరో ఒకరు అడగాలి. ఓపిగ్గా, నిజాయతీగా, ఎంపికైన మనిషి పొలం నుంచి తిరిగొచ్చేదాకా అరుగు మీద కూర్చుని అడగాలి. అలాంటివారు ఎప్పుడైనా మీ తలుపు తడితే, గుర్తింపుకార్డు చూసి, ఓ గ్లాసు మంచినీళ్లిచ్చి, మీ మెట్టు ఏదో చెప్పండి.

మీరు చెప్పేది ఒక్క మెతుకే. గిన్నె సంగతి చెప్పేది అదే!